మా బావ పట్టుకున్న గాలి

మా బావ పోయాడని అక్క ఫోన్ చేస్తే నేను నవ్వాను. తిట్టుకోకండి. అంతకు ముందే రెండుసార్లు చచ్చిపోయిన మనిషి ఆయన. ఒకసారి నేను చూడ్డానికి వెళ్లేసరికి ముక్కుల్లో దూది పెట్టుకుని, నిండా దుప్పటి కప్పుకుని మంచం మీద పడున్నాడు. నేను బావురుమన్నాక లేచి కూర్చుని, "ఏడుపులో పస లేదురా బామ్మర్దీ, ఇంకోసారి చెయ్యి" అన్నాడు. ఇంకోసారి తన షెడ్డులోనే, లారీ కింద కాళ్లు మాత్రం కనపడేలా కదలకుండా పడుకుని వీధి మొత్తాన్నీ పరిగెత్తించాడు.

ఈసారీ అదే నాటకం అనుకుని, "దూది తీసెయ్యమను అక్కా" అన్నాను. ఆ ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసినా వెనకాల షెడ్డులోంచి ఏదో ఒక ఇంజను చప్పుడు వినపడేది. ఆ రోజు ఏమీ వినపడలేదు. అప్పుడు నమ్మాను.

బావ మెకానిక్కు. నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో, ఇంటికి ఆనుకునే రేకుల షెడ్డు. మామిడి కోతలు మొదలయ్యాయంటే లోడు బళ్లన్నీ ఆ షెడ్డు ముందే క్యూ కట్టేవి. మనిషి ఎండు మునక్కాడలా ఉండేవాడు. "ఇంట్లో అన్నం పెట్టట్లేదని మా అక్క పరువు తీస్తున్నావు బావా" అనేవాణ్ణి. "మీ అక్క వండింది తింటే ఈ మాత్రం కూడా మిగలను" అనేవాడు, లోపలికి వినపడేలా.

ఆయనకో అలవాటు ఉండేది. మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, చెక్క పిడి చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఇంజన్లతో ఆగినా బాగుండేది. గోడ గడియారం మీదా పెట్టేవాడు, తలుపుల మీదా పెట్టేవాడు, భోంచేసి పడుకున్న చుట్టాల గుండెల మీదా పెట్టేవాడు. నాకు మెలకువ వచ్చేసరికి ఆ మొహం నా మీదకి వంగి ఉండేది. "తిరుగుతోందిరా. ఎందుకు తిరుగుతోందో దానికే తెలీదు" అనేవాడు. నవ్వేవాణ్ణి గానీ, ఆ ఇనప మొన చల్లదనం చొక్కా కింద చాలాసేపు ఉండిపోయేది.

పోయే ముందు రోజు మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఆ మొన తన గుండె మీదే పెట్టుకున్నాడట. అక్క చెప్పింది.

"ఏం వినపడుతోందండీ?" అని అడిగిందట.

"పంపు గాలి పీలుస్తోందే" అన్నాడట.

షెడ్డులో విప్పి ఉన్న ఇంజను గురించి అంటున్నాడనుకుని, మా అక్క గిన్నెలు కడుక్కోడానికి వెళ్లిపోయింది. ఆ మాట నేను విని ఉంటే మంచం దగ్గరనుంచి కదిలేవాణ్ణి కాదు. ఎందుకో మీకు తెలియాలంటే మా పెద్దాడి వ్యాను సంగతి చెప్పాలి.

మా పెద్దాడికి ఓ చిన్న డీజిల్ లోడు వ్యాను ఉంది. తోటల్లోంచి కాయ నూజివీడుకి తోలతాడు. వాడి సంసారం మొత్తం ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తుంది. ముసునూరు దాటాక ఓ తోట దగ్గర రోడ్డు పల్లానికి దిగుతూ వంపు తిరుగుతుంది. వంపులో ఓ నుయ్యి. అక్కడ చెట్లు కలిసిపోయి మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. ఆ తోటకి కాపలా ఉండే ముసలాయన రోజూ మధ్యాహ్నం నూతి పక్కన నిలబడి తువ్వాలు ఊపేవాడు. మావాడు ఆపి ఎక్కించుకుని, వాళ్ల పాలెం మలుపులో దించేవాడు. ఆయన ఇంటికెళ్లి అన్నం తిని వచ్చేవాడు.

ఒకరోజు లోడు ఎక్కువై, పల్లంలో బండి ఆపితే మళ్లీ లాగదని మావాడు ఆపలేదు. అద్దంలో తువ్వాలు ఊగుతూనే కనపడిందట. సాయంత్రానికి ఆ ముసలాయన నూతిలో తేలాడు. కాలు జారిందన్నారు.

ఆ తర్వాత కొద్ది రోజులకి తోటలో రాయి తగిలి వ్యాను ఆయిల్ చాంబర్ పగిలింది. చాంబర్ అంటే ఇంజను అడుగున నూనె నిలవుండే రేకు తొట్టి. కంపెనీది వెంటనే దొరకలేదు. కోతల రోజులు, బండి ఖాళీగా ఉంచలేం. మావాడు బెజవాడ వెళ్లి బయటి రకం చాంబర్ ఒకటి తెచ్చి, బావ దాకా రాకుండా బండి ఆగిన చోటే ఎవరిచేతనో బిగించేసుకున్నాడు. పాతదానికన్నా లోతైనది. నూనె ఎక్కువ పడుతుంది, ఇంజను చల్లగా ఉంటుంది అని చెప్పారట.

అప్పటినుంచి మొదలైంది. రోడ్డంతా బాగానే వచ్చే బండి ఆ నూతి వంపులోకి దిగగానే మీటర్ల దగ్గర ఆయిల్ ఎర్ర లైటు వెలిగించేది. ఇంజను టకటకా కొట్టుకునేది. మావాడు భయపడి ఆపేసేవాడు. ఎక్కడ ఆగేదంటే, సరిగ్గా ఆ ముసలాయన నిలబడే చోట. కాసేపటికి అన్నీ సర్దుకునేవి. మర్నాడు మళ్లీ అక్కడే.

బండికి గాలి పట్టిందన్నారు ఇంట్లోవాళ్లు. నిమ్మకాయలు కట్టారు, విభూతి రాశారు. నేను ఎగతాళి చేశాను. మావాడు తాళాలు నా ఒళ్లో పడేశాడు.

"నేను ఆపలేదని ఆయనే ఆపుకుంటున్నాడు నాన్నా. ఇక నేను ఈ బండి ఎక్కను. ఏ బండీ ఎక్కను."

వాడి మొహంలో నెత్తురు లేదు.

బండిని కట్టి లాక్కుని బావ షెడ్డుకి తీసుకెళ్లాం. బావ అంతా విన్నాడు. నిమ్మకాయల దండ తీసి పక్కన పెట్టాడు, పారెయ్యలేదు.

"గాలే అల్లుడూ. అందులో అబద్ధం లేదు. ఏ గాలో చూద్దాం" అన్నాడు.

చాంబర్ విప్పాడు. లోపల నూనె పంపుకి ఓ గొట్టం, దాని చివర జల్లెడ మూతి ఉంటుంది. స్ట్రైనర్ అంటారు. తొట్టిలో నూనెని అదే పీల్చి పైకి పంపుతుంది. బావ వంటింట్లోకి వెళ్లి గుప్పెడు పిండి ముద్ద తెచ్చాడు.

"మళ్లీ నా చపాతీ పిండి ఎత్తుకుపోయారా?" అని అక్క కేక.

"ఇంజనుకి ఆకలేస్తోందే!"

పిండి ముద్దని ఆ మూతికి అంటించి, చాంబర్ మళ్లీ బిగించి, మళ్లీ విప్పాడు. మూతి అడుక్కి సరైన ఎడంలో ఉంటే ముద్ద నలిగి, ఆ ఎడమెంతో దాని మందమే చెబుతుంది. ముద్ద నలగలేదు. దాని మీద బావ వేలిముద్రలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"చూశావా? కొత్త తొట్టి లోతు, పాత గొట్టం పొట్టి. నూనె పాత కొలతే పోశారు. బండి వంపులో ఒరిగితే నూనె ఓ పక్కకి పోతుంది, మూతి పైన తేలిపోతుంది. ఇక పీల్చేది గాలే."

"గొట్టం కొంచెం వంచేస్తే అందదా బావా?" అన్నాను.

"నీ మెడ వంచితే అందుతుందేమో చూడు. వంచితే పగులుతుందిరా, ఆ పగుల్లోంచి కూడా గాలే. మరీ అడుక్కి ఆనించినా చేటే, మూతి మూసుకుపోతుంది. మూతి ఉన్న ప్రతిదానికీ కాస్త ఎడం కావాలి." తర్వాత మావాడి వైపు తిరిగి, "పంపూ గొట్టం తొట్టీ మూడూ ఒకదాన్నొకటి ఎరిగినవై ఉండాలి అల్లుడూ. ఒకటి మార్చి మిగతావాటికి చెప్పకపోతే ఇలాగే వెతుక్కుంటాయి" అన్నాడు.

ఆ లోతుకి సరిపడే పొడుగు స్ట్రైనర్ తెప్పించాడు. మళ్లీ పిండి, మళ్లీ బిగింపు. ఈసారి ముద్ద నలిగి చిటికెనవేలి మందాన నిలిచింది. గొట్టం ఊగకుండా పట్టీ వేశాడు, అతుకు దగ్గర కొత్త రబ్బరు వేశాడు, పంపుని నూనెతో తడిపాడు, కొత్త తొట్టి కొలతకి నూనె నింపాడు. స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకుని విని, తల ఊపాడు.

ఆ వ్యాను ఈ రోజుకీ మావాడే తోలుతున్నాడు. బావని ఆఖరి దారి పట్టించిందీ అందులోనే. పంపు బాగుపడితే మావాడూ బాగుపడ్డాడని అందరూ అంటారు. అది సగమే. మిగతా సగం నేను చూశాను.

బండి తోలి చూడ్డానికి మధ్యాహ్నం ముగ్గురం బయల్దేరాం. మావాణ్ణి బావే బలవంతాన స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాడు. మధ్యలో నేను, తలుపు పక్కన బావ. వెనక లోడు కూడా వేయించాడు. వంపులోకి దిగాం. చెట్ల నీడ అద్దం మీద పడింది. లైటు వెలగలేదు. ఇంజను వెన్నలా ఉంది. మావాడు ఊపిరి వదిలాడు.

"ఆపు" అన్నాడు బావ.

"లైటు వెలగలేదుగా మావయ్యా!"

"అందుకే ఆపమంటున్నా. ఇన్నాళ్లూ అదే ఆపించింది. ఇవాళ నువ్వు ఆపు."

మావాడు ఆపాడు. బావ తలుపు తీసి, నా వైపుకి జరిగి, సీటు మీద చోటు చేశాడు.

"ఎవరికి బావా, రంభకా?" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆయన నా వైపు చూడలేదు. నూతి వైపు చూస్తూ, "పాలెం దాకా ఎండే, ఎక్కండి" అన్నాడు. కాసేపు ఆగి, చెయ్యి చాచి తలుపు వేశాడు.

బావ మునక్కాడంత మనిషి అని చెప్పాను కదా. ఆ పూట ఆ సీటు మీద నాకు ఊపిరి తిప్పుకోడానికి కూడా చోటు లేదు. తడి తువ్వాలు వాసన వేసింది. మావాడు తోలుతూనే ఉన్నాడు. కళ్లనిండా నీళ్లు, తుడుచుకోలేదు. ఇంజను ఒక్క చోట కూడా తడబడలేదు.

పాలెం మలుపు రాగానే మావాడు తనంతట తనే ఆపాడు. బావ దిగి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. రెండడుగులు పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. బయట తెల్లటి ఎండ, పాలెంలోకి పోయే మట్టి దారి, అంతే. ఎవరూ దిగలేదు.

మావాడు ఇంజను ఆపేశాడు. బావ తలుపు వెయ్యలేదు. ఆ మట్టి దారి వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆయన చూపు ఒక్కచోట ఆగలేదు. మెల్లమెల్లగా, ఓ ముసలాయన నడిచే నడకంత నిదానంగా, ముందుకి పోయింది.