గురువారం ఇంకా చదవలేదు

ఇద్రిస్ ప్రొసర్‌కు ఏదీ క్లుప్తంగా చెప్పడం రాదు. టైమెంతని అడిగినవాడు ముందు ఆయన గడియారం ఎక్కడ కొన్నాడో వినాలి. అలాంటి మనిషిని, ఉద్యోగం కోసం వారమంతా ఏం చేశావో నిమిషాలతో సహా రాసి చూపించమని ప్రభుత్వం అడిగింది. అడిగిన పాపానికి అనుభవించింది నెరిస్.

నెరిస్ వాట్కిన్స్ వేల్స్‌లోని కుమ్‌గ్లాస్ లోయలో, నిరుద్యోగ భృతి ఆఫీసులో గుమాస్తా. ప్రతి మంగళవారం పదింటికి ఇద్రిస్ వచ్చి ఆమె ఎదుట కూర్చునేవాడు. నీలం అట్ట నోటుపుస్తకం తీసి, కళ్ళజోడు తుడుచుకుని, మొదటినుంచి చదివేవాడు.

“సోమవారం. తొమ్మిదింబావు. గుడ్డు ఉడకబెడుతూ ఉద్యోగం గురించి ఆలోచించాను. ఆరు నిమిషాలు.”

“గుడ్డు ఉడికే టైము ఇందులోకి రాదండీ.”

“గుడ్డు టైము రాయలేదు తల్లీ, ఆలోచన టైమే రాశాను. గుడ్డుకు ఎనిమిది పట్టింది.”

పని లేనివాడికి పని వెతకడమే పనిగా పెట్టి, దానికి వారానికి ముప్ఫై అయిదు గంటలని నిర్ణయించిన మహానుభావుడెవరో ఈ లోయ మొహం చూసి ఉండడు. బ్యాటరీల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ ఖాళీలు నాలుగంటే నాలుగు. దరఖాస్తులు మాత్రం మనిషికి వారానికి పదిహేను. అందుకని ఊరు ఊరంతా, రావని తెలిసిన ఉద్యోగాలకు, ఎవరూ చదవరని తెలిసిన దరఖాస్తులు దీక్షగా రాసేది. ఎవరైనా రెండు రోజులు బంగాళదుంపలు ఏరే పనికి వెళ్ళారా, వాళ్ళ భృతి కాగితాలు మళ్ళీ మొదటికొచ్చేవి. అయిదు వారాలు పస్తు. కాబట్టి దొరికే పని వదిలేసి దొరకని పని వెతికేవాళ్ళు. పై ఆఫీసు దీనికి పెట్టుకున్న పేరు ప్రోత్సాహం.

ఇద్రిస్ హెలికాప్టర్ నడిపే ఉద్యోగానికి పెట్టాడు. అనుభవం అన్నచోట ‘నిచ్చెన మూడో మెట్టు దాకా’ అని నిజాయితీగా రాశాడు. మాంసం కొట్టు గెథిన్‌కయితే వారం వారం పెట్టేవాడు. గెథిన్ విసిగిపోయి జవాబు రాశాడు: ‘కొట్లో ఉన్నది నేనొక్కణ్ణే. నేను పోతే ఆ పని నీదే.’

ఆ మరుసటి మంగళవారం నెరిస్ విన్నది ఇది:

“గురువారం. నాలుగూ పది. గెథిన్ దగ్గు ఎలా ఉందో కనుక్కున్నాను. తగ్గింది. ఖాళీ లేదు.”

“ఇద్రిస్ బాబాయ్, నీ శుక్రవారం వచ్చేలోపు మాకు పింఛను వయసొచ్చేస్తుంది!” అని వెనక వరసలోంచి రీస్ అనే కుర్రాడు అరిచాడు.

“దానికీ దరఖాస్తు పెట్టాలబ్బాయ్. విని నేర్చుకో.”

ఇద్రిస్ తర్వాత, పదీ పదికి కెరిస్ వంతు. కెరిస్‌ది కొండ మీది పల్లె. చంటిపిల్లను బాలవాడిలో దించి బస్సెక్కితే ఇక్కడ దిగేది పదీ ఇరవైకి. పేరు నెరిస్ కంప్యూటర్ తెర మీదికొచ్చిన అయిదు నిమిషాల్లో మనిషి రాకపోతే తెర ఎర్రబడుతుంది, నాలుగు వారాల భృతి పోతుంది. ఇద్రిస్ పంటినొప్పితో రాని ఒక మంగళవారం, కెరిస్‌కు అలాగే పోయింది. రెండోసారి ఎర్రబడితే మూడు నెలలు.

“నా వేళ కాస్త వెనక్కి జరపండక్కా,” అని ఆ పిల్ల బతిమాలింది.

వేళ మార్చాలంటే ఉద్యోగం ఉన్నట్టు రుజువు చూపాలి. నెరిస్ ఆ నిబంధన పైకి చదివి, తన గొంతు తనకే సిగ్గనిపించి ఆపేసింది.

ఆ తర్వాత కెరిస్‌కు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. శిక్ష పనిచేస్తోందని మేనేజరు రాయ్‌స్టన్ పై ఆఫీసుకు ఉత్తరం రాసుకున్నాడు. ఆ శీతకాలమే ఇద్రిస్ నోటుపుస్తకం రెట్టింపు లావయింది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం కొండ దారిలో మంచు పడింది. పదింబావుకు ఇద్రిస్ ఇంకా బుధవారంలో ఉన్నాడు. పదిన్నరకు ఆదివారం కూడా అయిపోయింది. ఆయన పేజీ తిప్పాడు. అది ఖాళీ పేజీ. నెరిస్‌కు తలకిందులుగానే అయినా స్పష్టంగా కనబడింది.

“ఆదివారం సాయంత్రం,” అని ఇద్రిస్ ఆ తెల్ల కాగితంలోంచి చదివాడు, “మా అమ్మ లీకులతో, అదే, లావుపాటి ఉల్లికాడలతో సూపు ఎలా కాచేదో గుర్తు చేసుకున్నాను. వంటవాడి పనికి అక్కరకొస్తుందని. ముందు లీకులు కడగాలి. మట్టి పోయేదాకా కడగాలి. మా వైపు మట్టి…”

చూపు మాత్రం పుస్తకం మీద లేదు. కిటికీలోంచి బస్‌స్టాపు మీద ఉంది.

నెరిస్ కూడా బస్‌స్టాపు చూసింది. క్రితం వారం ఎవరో కారులో దించితే కెరిస్ పదికి ముందే వచ్చింది. ఆ రోజు ఇద్రిస్, “వెతికాను, దొరకలేదు, వస్తా తల్లీ,” అని ఒక్క నిమిషంలో లేచిపోయాడు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నది నెరిస్. తను ‘పూర్తి’ అన్న మీట నొక్కితే తప్ప తర్వాతి పేరు తెర మీదికి రాదు. ఇన్నాళ్ళూ ఆ మీట మీద తన వేలే ఉంది. అది ఎవరికోసం ఆగాలో తెలిసింది మాత్రం ఎదుటివాడికి.

రాయ్‌స్టన్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

“అరగంటయింది నెరిస్. ముగించు.”

“ఎలా ముగిస్తానండీ? ముప్ఫై అయిదు గంటలూ క్షుణ్ణంగా పరిశీలించాలని మీరే సంతకం పెట్టి గోడకు అంటించారు. గురువారం ఇంకా చదవలేదు.”

“చదివా…” అనబోయి ఇద్రిస్ మింగేశాడు.

“అవునండీ, గురువారం నేనూ వినలేదు,” అన్నాడు వెనకనుంచి రీస్.

“నాకు బుధవారం కూడా సరిగ్గా వినపళ్ళేదు,” అన్నది మరొకామె.

వరస వరసంతా తలూపింది. ఆ ఆఫీసులో ఇంతకాలం తెలియనిది ఇద్దరికేనని నెరిస్‌కు అప్పుడర్థమయింది. అందులో ఒకడు మేనేజరు.

ఆయన గోడ మీది కాగితం వైపు చూసి, తన సంతకాన్ని తిట్టలేక, గదిలోకి వెళ్ళిపోయాడు.

“గెథిన్ దగ్గు సంగతి చెప్పండి,” అన్నది నెరిస్. “వివరంగా.”

ఇద్రిస్ కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు. జీవితంలో ఆయన్నెవరూ అలా అడగలేదు. దగ్గు గెథిన్ తాతగారితో మొదలయింది. వాళ్ళ నాన్న దాకా వచ్చేసరికి బస్సొచ్చింది. కెరిస్ జుట్టు నిండా మంచుతో పరుగెత్తుకొచ్చి వరస చివర నిలబడింది.

ఇద్రిస్ పుస్తకం మూశాడు.

“తగ్గింది,” అన్నాడు. “ఖాళీ లేదు.”