దుబ్బులు కట్టిన చేను

నేను కామవరపుకోట వైపు మెట్టలో పుట్టాను. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ఉన్నంతలో శుభ్రంగా కనబడాలని మా అమ్మ నేర్పింది. కాపురానికొచ్చిన రెండో ఏడు ఆ మర్యాదే మా కొంప ముంచింది.

అత్తవారిది ఆకివీడు దగ్గర, కొల్లేటి ఒడ్డు పల్లె. పందొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. ధాన్యానికి ధర లేదు, పండిన కాస్త ధాన్యాన్నీ కొల్లేరు ఉండనివ్వదు. ఆ ఏడు చేను పాలు పోసుకునే వేళకి నీరు పొంగి, పది రోజులకి గాని లాగలేదు. వరి అంతా బురదలో పడుకుంది. కంకి నలిపితే గింజ లేదు, అంతా తాలే.

పంట పోతే సర్కారు శిస్తు మాఫీ చేసేది. కాని రెవిన్యూ ఇనస్పెక్టరు వచ్చి, చేను కళ్లారా చూసి, పోయిందని రాయాలి. మాఫీ వస్తే మా పాడిగేదె ఉంటుంది, రాకపోతే దాన్ని అమ్మి శిస్తు కట్టాలి. నాకు చనుబాలు చాలక నా చంటిది ఆ గేదె పాల మీదే బతుకుతోంది.

మా ఆయన అర్జీ పట్టుకుని ఏలూరు వెళ్లి, మర్నాడు ఇనస్పెక్టరు గారిని వెంటబెట్టుకుని వస్తున్నానని కబురంపారు.

"అత్తయ్యగారూ, అంత దూరం నుంచి వస్తున్నారు కదండీ. చేను అలా పడుంటే మనం ఒళ్లు వంచని వాళ్లమనుకోరా అండీ? దుబ్బులు లేపి కడదామండీ" అన్నాను.

"నిజమేనే అమ్మా. బాట పక్క మడులైనా లేపుదాం" అన్నారావిడ.

పడిన చేను లేపి, నాలుగేసి దుబ్బులు కలిపి కట్టడం అక్కడి ఆడవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా నడుం ఎత్తకుండా కట్టాం. రెండు మడులూ బడిపిల్లల్లా బారులు తీరి నిలబడ్డాయి. చూసి మురిసిపోయాను కూడాను, ఏం తెలివో నాది!

మర్నాడు ఇనస్పెక్టరు గారు లోపలి మడుల దాకా రాకుండా గట్టు మీదే ఆగిపోయారు.

"చేను నిలబడే ఉందిగా! కోతకి ఆశ లేనివాళ్లు ఇలా కట్టుకుంటారటండీ?" అన్నారు.

ఆయనది తప్పనీ అనలేను. కోసుకునే చేనునే ఎవరైనా కట్టేది. మా ఆయన కంకులు నలిపి, తాలు ఊది చూపించారు. ఇనస్పెక్టరు గారు అవి ఏరి తెచ్చిన కంకులంటూ, మాఫీ రాదని చెప్పి పక్క ఊరికి వెళ్లిపోయారు.

మా ఆయన మొహం నల్లబడింది. "ఎవరి బుద్ధి ఇది?" అన్నారు.



"నాదేరా. కోడలు వద్దంటూనే ఉంది" అన్నారు అత్తగారు.

గేదె కైకలూరు సంతకి పోయింది. చంటిది గంజినీళ్లతో ఎలాగో గట్టెక్కింది. ఆయన తల్లితో నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెలంతా నేను ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, నిజం మింగి కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండేళ్లకి కొల్లేరు మళ్లీ పొంగింది. ఇనస్పెక్టరు వస్తున్నారని తెలియగానే అలవాటు కొద్దీ చీపురు అందుకున్నాను. అత్తగారు దాన్ని నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, అరుగు మీద కూర్చున్నారు.

"ఈసారి ఉన్నది ఉన్నట్టే కనబడనియ్యి తల్లీ" అన్నారు.

నేనిక ఆగలేకపోయాను. గడపలో నిలబడ్డ మా ఆయనతో, "ఆనాడు దుబ్బులు కడదామన్నది నేనండీ" అన్నాను.

ఆయన వెళ్లి తల్లి పక్కన అరుగు మీద కూర్చున్నారు.