నూకలు, ఎండు నెత్తళ్ళు దొరికిన కొట్టు

మా చిన్నప్పుడు దర్శిలో మా ఇంట్లో ఉడికేది నూకలన్నమే... మిల్లులో మంచి బియ్యం పోగా మిగిలిన ముక్కలు. చౌక కాబట్టి అమ్మ అవే తెచ్చేది.

మిరపకాయ కోతలొచ్చాయంటే అమ్మ తెల్లారకముందే కూలికి ఆటో ఎక్కేసేది. నాన్న లేడు. నేను లేచేసరికి దాకలో అన్నం, పైన మూత... ఇంట్లో చప్పుడుండేది కాదు. తినబుద్ధయ్యేది కాదు.

పక్కింటి మస్తాన్‌బీ అత్త ఎండుచేపలు అమ్మేది. గంప నెత్తికెత్తుకునే ముందు మా గుమ్మంలోకి తొంగిచూసేది.

"ఒక్కదానివే ఏం తింటావే... కంచం తీసుకుని ఇటు రా."

వాళ్ళ వసారాలో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. వేయించిన ఎండు నెత్తళ్ళు, ఆ చిటికెనవేలంత చేపలు, నా కంచంలో వేసేది. ఇంట్లో గొంతు దిగని నూకలన్నం అక్కడ మారు అడిగి మరీ తినేదాన్ని...

ఇప్పుడు నేను జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో నర్సుని. వృద్ధాశ్రమంలో డ్యూటీ. మన సరుకులు కావాలంటే రైలెక్కి పెద్ద ఊరు వెళ్ళాలి, అక్కడ ధరలు చూస్తే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది.

పోయిన నెల ఈ ఊరి స్టేషన్ వెనకాలే ఒక ఆసియా కొట్టు కనిపించింది. వియత్నాం నుంచి వచ్చిన పెద్దావిడది. బియ్యం ప్యాకెట్ తీశాను, ధర చూసి పెట్టేశాను. ఆవిడ చూసినట్టుంది. లేచి వచ్చి, కింది అరలోంచి ఒక సంచి లాగింది.

"ఇది తీసుకో. విరిగిన బియ్యం. చౌక" అంది. ఆవిడ జర్మన్ కూడా నా జర్మన్ లాగే అంతంతమాత్రం.

చూద్దును కదా... నూకలు.

"మా ఇంట్లో ఇవే వండేవాళ్ళు" అన్నాను.

"మా ఇంట్లోనూ" అంది. లోపలికెళ్ళి ఎండుచేపల ప్యాకెట్ తెచ్చి నూకల మీద పెట్టింది. నెత్తళ్ళే... "రెండూ కలిపి తిను" అంది.

ఆ వారం డ్యూటీ మాటలు కాకుండా నాతో ఎవరైనా మాట్లాడారంటే ఆవిడే.

ఇంటికొచ్చి వండాను. సంబరపడుతుందని అమ్మకి వీడియో కాల్ చేసి కంచం చూపించాను. అమ్మ మొహం చిన్నబోయింది.

"నూకలు తినడానికా అమ్మాయ్, అంత దూరం పోయింది? ఇక్కడ మనం కోళ్ళకేస్తున్నాం కదే వాటిని."

"తినాలనిపించిందమ్మా..." అన్నాను. సగం నిజమే. అమ్మ నమ్మలేదు.

మాట మార్చి మస్తాన్‌బీ అత్త ఎలా ఉందని అడిగాను.

"ఒంగోల్లో కూతురి దగ్గరికెళ్ళిపోయింది. ఆ ఇల్లు కొన్నవాళ్ళు ప్రహరీ లేపారు. పక్కింట్లో ఎవరుంటున్నారో నాకూ తెలీదే ఇప్పుడు" అంది.

ఫోన్ పెట్టేశాక తిన్నాను. చలికి కిటికీ తీయలేదు. చేపల వాసన మర్నాటి దాకా గదిలోనే ఉంది... ఏం వండావని తలుపు తట్టేవాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు ఏ దేశంలో ఉన్నా వెతికితే మన తిండి చౌకగానే దొరుకుతోంది... పక్కన కూర్చుని తినే మనిషి దొరకడమే కష్టమైపోయింది.

చిన్నప్పుడు మీరు ఎవరి వసారాలో కూర్చుని ఏం తిన్నారో రాయండి... డ్యూటీ నుంచి వచ్చాక అన్నం తింటూ చదువుకుంటాను.