మేస్త్రి కొలత

తడిసిన పలకరాయి వాసన తగిలితే చాలు, మార్కాపురం నాగయ్య మేస్త్రి గుర్తుకొస్తాడు. ఉలి ఎక్కడ పెట్టాలో నా చేయి పట్టుకుని నేర్పినవాడాయన. వరస లేకపోయినా మామా అనేవాణ్ణి. కొట్టేముందు రాయిని అరచేత్తో నిమిరి, "తొందరపడితే పలక కాదురా, పెంకులైతాది" అనేవాడు.

రాళ్ల పనిలో నడుములు విరిగే మావాళ్లకు నల్లమందు అలవాటు. సర్కారు లైసెన్సున్న దుకాణంలోనే దొరికేది. పొద్దుగూకాక మేస్త్రికి ఉండ చుట్టి చేతిలో పెట్టడం శిష్యుడి వంతు. అది తగ్గిస్తే ఆయన పెద్దరికాన్ని తగ్గించినట్టే.

కొడుకు కలరాతో పోయాక మామకు మతి చెదిరింది. మద్రాసు పిచ్చాసుపత్రిలో చేర్చారు. అక్కడ నెలల తరబడి నల్లమందు లేదు. చిక్కిపోయినా, మనిషి తేటపడి తిరిగొచ్చాడు. పనిలోకి దిగిన రోజే ఎవరో ఎగతాళి చేశారు.

"పిచ్చి దింపుకొచ్చినావా మామా?"

"రైల్లోనే వదిలేసి వచ్చినా. కావాలంటే టేసనుకు పో, దొరుకుతాది."

అందరం పడీపడీ నవ్వాం. ఆ సాయంత్రం వాళ్లింటి అరుగు మీద, ఒళ్లు నొప్పులని నా ముందు అరచేయి చాచాడు. ఆయన భార్య ఓబులమ్మత్త అడ్డొచ్చింది.

"ఇన్ని నెలలు ముట్టలేదు. రవ్వంత ఇయ్యి నాయనా."

"మేస్త్రి కొలత నేను తగ్గిస్తానా అత్తా?"

"చూసినావా! నీకంటే వీనికే తెల్సు నా మర్యాద" అని మామ మురిసిపోయాడు.

పాత కొలతకే ఉండ చుట్టి, గర్వంగా ఇచ్చాను. తెల్లారి లేపితే లేవలేదు.

"పిచ్చోడు, సావాలనే మింగినాడు" అంది ఊరు. నేను కాదనలేదు. అలవాటు తప్పిన ఒంటికి పాత కొలతే విషమని గిద్దలూరులో ఒక కాంపౌండరు చెప్పాడు. అది తెలిశాక కూడా ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మామ చావాలనుకోలేదు. మర్నాడు ఏ రాయి ముందు చీల్చాలో చెప్పి మరీ పడుకున్నాడు. ఆ ఉండ ఇచ్చింది నేను.

అందరికంటే ముందు అత్త దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను. ఆమె కందులు చెరుగుతోంది. తలెత్తలేదు.

"మింగడానికి నీళ్లచెంబు ఎవరిచ్చినారు నాయనా? నేనే గదా" అంది.

తిట్టి ఉంటే ఏడ్చేవాణ్ణి. నేను నోరు మూసుకున్న ఆ ఏళ్లన్నీ ఆమె ఆ చెంబును ఒంటరిగా మోసింది. ఆమె కూడా పోయాక, రెండు బరువులూ నావే.