ఆడోళ్ల గేటు

జహీరాబాద్ బస్టాండు దాటంగనే కూలగొట్టిన టాకీసు కనబడ్డది. కోహీర్ బస్సుల నా పక్కన కూసున్న ఆమెకు ఇనబడేటట్టే "మంచిగైంది" అన్న.

ఒకప్పుడు ఆ టాకీసుల ఆడోళ్లకు వేరే గేటుండె. పనులు తీర్చుకొని గల్లీ ఆడోళ్లమంత పోయేది. తర్వాత ఓనరు పాడు సినిమాలు తెచ్చి, మా గేటుకు తాళమేసిండు. ఆఖరుకు జనం రాక అది బందైంది. నాకు ఆ కోపం ఇంకా పోలే.

"ఆ గేటు కాడ పల్లీలమ్మింది నేనే అక్కా," అన్నదామె. "మీరు సినిమా చూసుకోవాలని, ఏడ్సే పిల్లల్ని బయటికి తెచ్చి ఆడించిన."

చూస్తె ఆమెనే. పల్లీలు కొనుడు దండగని నేను ఇంట్లనే ఏంచుకొని పోయేది. అయినా నా పెద్దకొడుకు ఆమె ఒళ్లెనే నిద్రపోతుండె.

"తాళం పడ్డంక మీరంత రాకుండయిన్రు. నేనేమో ఆ మొగోళ్ల నడుమ ఒక్కదాన్నే అమ్ముకున్న. మీల ఒక్కరన్న వచ్చి ఓనరును అడిగిన్రా?"

"ఇంట్ల మస్తు తిట్టిన," అన్న.

"ఇంట్ల తిడితె ఆయనకేం ఇనబడ్తది అక్కా?"

కోహీర్ రాంగనే ఆమె తన గంప ఎత్తుకొని దిగిపోయింది. నా దిక్కు చూడలే.

అప్పటిసంది ఇంట్ల తిట్టుడు బందువెట్టిన. ఎవర్నన్న అనేదుంటే వాళ్ల గడప ముందటికే పోయి అంటున్న.