నాలుగో గడి

మా తోడికోడలి మీద నాకున్న అసూయ చీరల గురించీ నగల గురించీ కాదు. అవి నాకూ ఉన్నాయి. నా కడుపుమంటంతా ఒక నిలువు గడి మీద. ఏటా లెక్కలు ముగించే రోజులొచ్చేసరికి ఆ గడి నేనే గీసి, దాని పైన ఆమె పేరు నేనే టైపు చెయ్యాల్సి వచ్చేది.

విజయనగరంలో మాది గోనె సంచుల కొట్టు. చుట్టుపక్కల రైసు మిల్లులవాళ్లంతా మా దగ్గరే కొంటారు. నేను కాపురానికి వచ్చేటప్పటికి కొట్టు మా మావగారి ఒక్కరి పేరు మీదే ఉండేది. కోడలు బీకాం చదివిందని ఆయన ఏడాది బిల్లులన్నీ ఒక సంచిలో వేసి తెచ్చి నా ముందు పెట్టారు. అప్పటి నుంచి ముగింపు లెక్కలు తయారు చెయ్యడం నా పనైపోయింది. ఆడిటరుగారు ఒకసారి చూసి సరేననేవారు.

ఒక్క మనిషి వ్యాపారానికి లెక్కలు తయారు చెయ్యడం సుఖం. యజమాని ఒక్కడు, మూలధనం ఖాతా ఒక్కటి. కొట్టులోంచి ఇంటికి తీసుకున్నదంతా సొంత వాడకాలని రాసి ఆ మూలధనంలోంచి తీసేస్తే సరిపోతుంది. మా అత్తగారి కళ్లజోడు, నా చీర, మా ఆయన బండికి టైరు, గ్యాసు బండ, అన్నీ ఆ ఒక్క పద్దులోనే కలిసిపోయేవి. నా పేరు ఎక్కడా ఉండేది కాదు. మా ఆయన పేరూ ఉండేది కాదు. ఎవరికీ లేనిది నాకు లేదని నేనెప్పుడూ బాధపడలేదు.

తర్వాత మా మరిదికి పెళ్లయింది. ఆ అమ్మాయిది గరివిడి. అక్కడ వాళ్ల నాన్నమ్మ ఆమెకు రాసిచ్చిన స్థలం ఒకటి ఉండేది. ఇంట్లో రెండో గోడౌను కట్టాలని అనుకుంటుంటే, ఆ స్థలం అమ్మి డబ్బు పెడతానని తనంతట తనే అంది. ఎవరూ అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అలాగైతే కొట్టును భాగస్వామ్యంగా మార్చుకోమన్నారు ఆడిటరుగారు. మావగారు, ఇద్దరు కొడుకులు, ఆమె. ఆ ఏడాది మూలధనం ఖాతాను నాలుగు గడులు చేశాను. నాలుగోది ఆమెది.

భాగస్వామ్యం లెక్కల తీరే వేరు. ఎవరు ఎంత పెట్టారు, ఎంత వాడుకున్నారు, పెట్టినదానికి వడ్డీ ఎంత, లాభంలో వాటా ఎంత, ఎవరిది వాళ్లకి విడిగా చూపించాలి. ఆమె చీర ఆమె గడిలో తగ్గేది. నా చీర మా ఆయన గడిలో తగ్గేది. అది రాసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. ఆమెకి వడ్డీ లెక్కకట్టేదీ నేనే, రెండు పక్కలూ కుదిరాయా అని తల పట్టుకునేదీ నేనే. ఆమె మాత్రం ఆస్తి అప్పుల పట్టీని ‘రెండు పక్కల కాయితం’ అనేది.

అంతా అయ్యాక సంతకం కోసం వంటింట్లోకి ఆ కాయితాలు నేనే పట్టుకెళ్లాలి. ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ఎక్కడ పెట్టాలక్కా అని అడిగి, ఒక్క అంకె కూడా చదవకుండా పెట్టేసేది. అక్క మీద ఎంత నమ్మకమో అని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్లు. ఆ సంతకం కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు ఉండేవి. ఆ చుక్కలు చూస్తే చాలు, నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఒకసారి ఉండబట్టలేక, నన్నూ భాగస్తురాలిగా రాయమని మావగారిని అడిగేశాను. ఆయన కోప్పడలేదు.

“నీకేటి లోటమ్మా? లెక్కలన్నీ నీ సేతిలోనే ఉన్నాయి కదా” అన్నారు.

మా ఆయన ఫోనులోంచి తలెత్తలేదు. ఆ పూట మా తోడికోడలే నాకు కాఫీ కలిపి తెచ్చింది. నేను దాన్ని చల్లారబెట్టి సింకులో పారబోశాను.

ఈమధ్య నెల్లిమర్ల దారిలో సంచులు కుట్టే షెడ్డు పెట్టాక, ఆడిటరుగారి సలహాతో భాగస్వామ్యం కాస్తా ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయింది. మావగారూ కొడుకులూ డైరెక్టర్లు. వాళ్లతో పాటు తోడికోడలికీ పెట్టిన డబ్బుకి షేర్లు రాశారు. నాకు మామూలే, ఏమీ లేదు. కంపెనీ లెక్కలు ఎలా చెయ్యాలో మళ్లీ నేర్చుకుందామని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. కంపెనీ అంటే చట్టం దృష్టిలో ఒక వేరే మనిషట. షేర్లున్నవాళ్లు వేరు, అది వేరు. అందులో సొంత వాడకాలన్న పద్దే లేదు. కంపెనీలో పనిచేసినవాళ్లు, ఇంటివాళ్లైనా సరే, జీతం తీసుకోవచ్చు. అక్కడ ఆగిపోయి చాలాసేపు ఆలోచించాను.

మర్నాడు భోజనాల దగ్గర చెప్పేశాను.

“మావయ్యా, నేను మీకు కోడల్ని. కంపెనీకి ఏటీ కాను. జీతమిస్తేనే లెక్కలు సేస్తాను.”

ఆయన పెరుగు కలుపుకోవడం ఆపి, ఎడం చేత్తోనే ఆడిటరుగారికి ఫోను చేశారు. బయటి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో విన్నాక నా జీతానికి ఒప్పుకున్నారు.

కంపెనీ మొదటి ఏడాది లెక్కలు అచ్చయి వచ్చిన రోజున, నేను పిలవకుండానే మా తోడికోడలు చేతులు తుడుచుకుంటూ పెన్ను పట్టుకుని వచ్చింది. ఇక మీదట డైరెక్టర్లు పెడితే చాలని, తన సంతకం అక్కర్లేదని చెప్పాను. ఆ మాట చెప్పడానికి పొద్దున్నుంచీ కాచుక్కూర్చున్నాను. ఆమె పెన్నుకి మూత పెట్టి అక్కడే నిలబడింది.

“నీకేటక్కా, నెలనెలా నీ పేరున పడతాది. ఇదివరకైతే నా డబ్బులు నాకు కావాల్సినప్పుడు తీసుకునేదాన్ని. ఇప్పుడడిగితే అవి కంపెనీవంటన్నారు.”

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లుగా నేను మింగుతూ వచ్చిందే. పైకి అయ్యో అన్నాను గానీ, లోపల పండగ చేసుకున్నాను. ఆమె వెళ్లాక జీతాల వివరాల్లో నా పేరు మళ్లీ తీసి చదువుకున్నాను. ముద్దొచ్చింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. పేజీలు వెనక్కి తిప్పాను. వాటాదారుల పట్టికలో నాలుగు పేర్లున్నాయి, నాలుగోది ఆమెది. ఆమె మూలధనంలో ఉంది, నేను ఖర్చుల్లో ఉన్నాను. నా పండగ ఆ పేజీ దాకానే.