గ్రామసభలో నేను అందుకున్న భజన

నోరిచ్చిన దేవుడికి, ఆ నోటికి తన పేరిచ్చిన దేవుడికి ముందుగా నమస్కారం. భక్తుడు అమ్మానాన్నల సేవలో ఉంటే, అతను విసిరిన ఇటుక మీద నిలబడి అతని తీరిక కోసం ఎదురుచూసిన పాండురంగడికి జయం. అంత ఓపిక మనుషుల సభల్లో ఎక్కడా చూడలేదు. ఆయన కీర్తి పలకకుండా ఏ మాటా మొదలుపెట్టవద్దని మా నాన్న నేర్పాడు. ఈ మాట మొదలుపెట్టడానికి నాకు ఆ అండ మరీ అవసరమయింది.

మా ఊరు నానక్‌రామ్‌గూడకు నడిచిపోయేంత దూరం. నాకు పిండి గిర్ని ఉండేది. నాన్న గుడిలో పురాణం చెప్పేవాడు. ఆయన పోయాక భజన మండలి నా చేతికి వచ్చింది. శనివారం సాయంత్రాలు, ఏకాదశి రోజులు ముప్పై నలభై మంది కూర్చునేవాళ్ళం. మా మండలికి ఒక కట్టుబాటు ఉండేది. అది నేను పెట్టిందే. నామం నడుస్తుండగా ఎవరూ వేరే మాట మాట్లాడకూడదు. ఇంట్లో పాలు పొంగుతున్నాయని కబురు వచ్చినా హారతి దాకా ఆగాలి. ఒకసారి గడప దగ్గర తేలు కనబడితే ఆడవాళ్ళ వరసలో ఒకామె వేలితో చూపించిందే గాని నోరు విప్పలేదు. ఆ సంగతి నేను చాలా మందికి గొప్పగా చెప్పుకున్నాను.

ఆమె ఊరి వరసలో నాకు అక్క. భర్త పోయాడు. కూతురి పెళ్ళి చేసి సంగారెడ్డి దిక్కు పంపింది. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచాక ఆ చుట్టుపక్కల కట్టడాల మీద ఇటుకలు మోసే పనికి పోయేది. చేతులు పగిలి ఉండేవి, అయినా తాళం వేస్తే ఒక్క దెబ్బ తప్పేది కాదు. ఊరి చివర గ్రామకంఠం అనే ఉమ్మడి జాగలో ఆమెకు రెండు గదుల రేకుల ఇల్లు. కాగితాలు లేవు. ఆ వరసలో ఎవరికీ లేవు.

ఆ వరస మీదుగానే వెడల్పు రోడ్డు వస్తుందన్నారు. కొలిచేవాళ్ళు వచ్చి సున్నంతో గీతలు గీసిపోయారు. కొన్నాళ్ళకు పంచాయతీ గోడ మీద జాబితా అంటించారు. ఇల్లు పోయేవాళ్ళకు వేరేచోట స్థలం ఇస్తారట. అక్క ఇల్లు ఉన్నచోట మాత్రం ‘ఖాళీ స్థలం’ అని రాసి ఉంది. కొలతలప్పుడు ఆమె కూతురి కాన్పుకు పోయి ఉంది. తలుపుకు తాళం, ముందు గోడ వానకు కూలి ఉంది. ఎవరూ లేరనుకున్నారో, ఇల్లే కాదనుకున్నారో. ఖాళీ స్థలానికి ఎవరూ ఏమీ ఇవ్వరు.

పంచాయతీ కార్యదర్శి ఆమెతో ఒకటే చెప్పాడు. “గ్రామసభల చెప్పు. అందరి ముంగట చెప్తే రిజిస్టర్ల రాస్తం, మళ్ళ వచ్చి చూస్తరు. ఆ దినం దాటితే నా చేతిల ఏం లేదు.”

ఆమె నా గిర్నికి వచ్చింది. జొన్నలు తేలేదు, తెల్ల కాగితం తెచ్చింది.

“తమ్మీ, మంచిగ రాయి. నా ఇంట్ల పొయ్యి ఉన్నదని రాయి. పొయ్యి ఉన్నదాన్ని ఖాళీ జాగ అంటరా ఎవరన్న?”

రాశాను. కింద ఆమె వేలిముద్ర వేసింది. పిండి తగిలిన నా వేళ్ళ గుర్తులు కూడా ఆ కాగితం మీద పడ్డాయి.

అంతకుముందు జరిగిన సభ పాడయిపోయింది. ఎవరో మైకు వైరు కోశారు, కుర్చీలు విరిగాయి, అధికారులు జీపెక్కి వెళ్ళిపోయారు. అందుకని ఈసారి బందోబస్తు పెట్టారు. షామియానా ముందు తాడు కట్టారు. లాఠీలతో నలుగురు పోలీసులు వచ్చారు. మాట్లాడదలచిన వాళ్ళు ముందుగా కాగితం మీద రాసి ఇవ్వాలి, పేరు పిలిస్తేనే లేవాలి, అరిచినవాళ్ళను తాడు అవతలికి పంపిస్తారు. టెంటు హౌసువాళ్ళు భయపడి మైకు ఇచ్చేది లేదన్నారు. సర్పంచ్ మా భజన మండలి మైకు అడిగాడు. మైకు వెంట నేనూ వెళ్ళాను. కాగితాలు పోగుచేసే పని కూడా నాకే అప్పగించారు, అంగీకి రిబ్బను బ్యాడ్జి పెట్టారు.

సభకు వచ్చిన అధికారి కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. మొదలుకాక ముందే నన్ను పక్కకు పిలిచారు.

“స్వామిగారూ, ఊరంతా మీ మాట వింటారని చెప్పారండి. ఏదైనా గొడవ లేస్తే మీరొక భజన అందుకోండి. లాఠీ ఎత్తడం కంటే నయం కదండీ.”

నాకు సంతోషమయింది. దేవుడి పేరుతో సభ నిలబడితే అంతకన్నా ఏం కావాలనుకున్నాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు దాచుకోను.

అందరికన్నా ముందు కాగితం ఇచ్చింది అక్క. తీసుకుని బల్ల మీద పెట్టాను. తర్వాత వచ్చినవి ఒకదాని మీద ఒకటి పెడుతూ పోయాను. అధికారి పై నుంచి చదవడం మొదలుపెట్టారు. మురుగు మోరీ, వీధి దీపం, రేషన్ కార్డు. మొదట ఇచ్చిన కాగితం అడుగున ఉందని నాకు అప్పుడు తట్టలేదు. అక్క ముందు వరసలో కూర్చుని, ప్రతి పేరు పిలిచినప్పుడల్లా కొంగు సర్దుకుని లేవబోయి మళ్ళీ కూర్చుంటూ ఉంది.

నీళ్ళ మాట వచ్చేసరికి సభ కదిలింది. బర్రెలు కాసే పెద్దమనిషి పిలవకుండానే లేచాడు.

“సారూ, అద్దాల బిల్డింగుకు నీళ్ళు పోతున్నయ్. మా నల్లకు ఎందుకు రావు? వాటికి తొవ్వ తెల్వదా?”

జనం నవ్వారు. సర్పంచ్ మనిషి వెనక నుంచి అందుకున్నాడు. “నీ బర్రెలను ఆడికే తోలుకపో, ఏసీల మంచిగ తాగుతయ్.”

“తోలుకపోత. ముంగట నువ్వు నడువు, అవి నీ వెంబడే వస్తయ్. నీకూ వాటికీ ఫరక్ ఏమున్నది?”

మళ్ళీ నవ్వారు, కానీ ఆ నవ్వులోనే ఎవరో ఎవరినో రొమ్ము మీద చెయ్యి వేసి నెట్టారు. కుర్చీ పడింది. తాడు వంగింది. “జర వెనుకకు జరుగుండ్రి” అని అరుస్తూ పోలీసాయన లాఠీ పైకెత్తాడు.

అదే క్షణంలో అక్క తాడు దాటి బల్ల దగ్గరికి వచ్చింది. సభ ఆగిపోతుందని ఆమెకు తెలిసిపోయింది.

“సారూ, నాది ఖాళీ జాగ గాదు. నా ఇంట్ల...”

అధికారి ఆమెను చూడలేదు. నన్ను చూసి చెయ్యి ఊపారు. మైకు నా చేతిలో ఉంది. ఆమె నాకు మూర దూరంలో ఉంది. చెయ్యి చాపి ఆ మైకు ఆమె నోటి దగ్గర పెడితే సరిపోయేది. అవతల లాఠీ ఎవరి తల మీద పడుతుందోనని నా చూపంతా అటే ఉంది. నేను విఠల నామం అందుకున్నాను.

ఊరంతా బదులు పలికింది. ఎన్నో ఏళ్ళ అలవాటు. కొట్టుకోబోయినవాళ్ళ చేతులు కూడా చప్పట్లలోకి వచ్చాయి. లాఠీ దిగింది. అక్క మాట మధ్యలోనే ఆగిపోయింది. నా వంక ఒకసారి చూసింది. తర్వాత ఆమె పెదవులు కదిలాయి. నామాన్నే పలుకుతోంది. పగిలిన చేతులు తాళం వేస్తున్నాయి.

ఆపుదామనుకున్నాను. ఆపితే గొడవ మళ్ళీ లేస్తుందని ఆపలేకపోయాను. నేను పాడుతుండగానే కార్యదర్శి రిజిస్టరులో రాసుకున్నాడు. అధికారి మిగిలిన కాగితాలకు దారం చుట్టి, చేతులు జోడించి లేచారు. జీపు కదిలిన చప్పుడు విని నామం ఆపాను. జనం నేలకు మొక్కి లేచారు, గుడిలో లేచినట్టే. ఆమె కూడా మొక్కింది.

“సాక్షిగ ఈడ సంతకం పెట్టు స్వామీ” అని కార్యదర్శి రిజిస్టరు జరిపాడు. నా గొంతు ఇంకా ఆ పాట ఊపులోనే ఉంది. చదవకుండా పెట్టాను.

షామియానా విప్పుతుంటే అక్క దగ్గరికి వెళ్ళి, “అక్కా, నువ్వెందుకు ఆగినవ్?” అని అడిగాను. ఆ ప్రశ్న వెయ్యడానికి నాకు నోరెలా వచ్చిందో.

ఆమెకు కోపం రాలేదు. “నువ్వు దేవుని పేరు తీస్తివి. నడుమ నేనెట్ల మాట్లాడుత తమ్మీ? నువ్వే చెప్తివి గద.”

మర్నాడు గిర్ని మూసి ఆమెను తీసుకుని ఆ అధికారి ఆఫీసుకు పోయాను. గుమాస్తా రిజిస్టరు తెరిచి చూపించాడు. హాజరైనవారి నుంచి ఆక్షేపణలు లేవని, సభ ప్రశాంతంగా ముగిసిందని అందులో ఉంది. కింద నా సంతకం.

“మీరే సంతకం పెట్టిన్రు గద” అన్నాడు. వెటకారమేమీ లేదు, ఉన్నమాటే అన్నాడు.

దారం చుట్టిన కాగితాలు వెతకమని అడిగాను. రేపు రమ్మన్నాడు. మూడుసార్లు వెళ్ళాను. మూడోసారికి ఆ అధికారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన సభ రిజిస్టరులో లేనిది తానేమీ చెయ్యలేనన్నాడు. గుడికి వచ్చి ఏడుస్తూ ప్రార్థించాను. ఉపవాసం ఉన్నాను. పారాయణం చేశాను. జాబితా మారలేదు.

ఒకనాడు పొద్దున పదిగంటలకు ఇళ్ళు కూల్చే యంత్రం వచ్చింది. అక్క సామాను అంతకుముందే బయట పెట్టుకుంది. పొయ్యి మట్టిది, కదిలిస్తే విరిగిపోతుందని లోపలే వదిలేసింది. గోడ పడ్డాక అది కొంతసేపు ఎండలో మసితో నల్లగా కనబడింది. “చూసిన్రా, పొయ్యి” అని ఆమె యంత్రం నడిపే మనిషికి చూపించింది. అతను చూశాడు. అతని పని అతను చేశాడు.

మదీనాగూడ దిక్కు కిరాయికి ఒక అర్ర తీసుకుంది. రెండు శనివారాలు ఆటోలు మారి భజనకు వచ్చింది. తర్వాత రాలేదు. దూరమయిందో, మరేమయిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నామం నడుస్తున్నా సరే, చెప్పవలసింది ఉంటే చెప్పవచ్చని మండలిలో అందరితో అన్నాను. తలలూపారు. ఇప్పటిదాకా ఒక్కరూ మాట్లాడలేదు. నేర్పింది నేనే, మరపించడం నా వల్ల కావడం లేదు.

ఇంతదాకా చదివినవారు నాతోపాటు ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. నామం తర్వాత. ముందు ఆమె ఆపేసిన మాట మనం పూర్తి చేద్దాం. స్వామీ, అది ఖాళీ స్థలం కాదు. ఆ ఇంట్లో పొయ్యి ఉంది. ఇటుక మీద నిలబడి ఎదురుచూడగలిగిన వాడివి నీవే కనుక, ఈ మాట నీ దగ్గర రాయించుకో. ఆమె ఏ కిరాయి అర్రలో ఉన్నా ఆమెను చూడు. ఇప్పుడు మీరూ నాతో కలిసి, ఆమె పేరు మీద ఒక్కసారి, మెల్లగా, విఠలా అనండి.